కృష్ణప్ప మామ ఇవ్వని బిళ్ళ

గని మూసేసినప్పుడు అందరూ తమ బిళ్ళలు తిరిగి ఇచ్చేసి ఇంటికి వచ్చారు. కృష్ణప్ప మామ ఒక్కడే ఇవ్వలేదు.

ఆ బిళ్ళ సంగతి తెలియని వాళ్లకు కొంచెం చెప్పాలి. మా కేజీఎఫ్‌లో బంగారు గని లోపలికి దిగే ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది. టైం ఆఫీసు గోడకు పెద్ద చెక్క పలక, పలక నిండా మేకులు. దిగే ముందు తన మేకు మీది బిళ్ళ తీసి జేబులో వేసుకోవాలి. పైకి వచ్చాక మళ్లీ అదే మేకుకు తగిలించాలి. షిఫ్టు అయిపోయినా మేకు ఖాళీగా కనిపిస్తే ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని అర్థం. అప్పుడు వెతకడానికి మనుషులు దిగుతారు.

"దిగమని పిలిచేటప్పుడు మమ్మల్ని అడిగినారు, మూసేటప్పుడు ఎవురూ అడగలేదు. నా మేకు ఖాళీగానే ఉండనీ. కృష్ణప్ప ఇంకా లోపలే ఉండాడని రాసుకోనీ," అన్నాడట మామ. ఆ పలక ఏ గోదాములో చెదలు పట్టిందో దేవుడికి తెలియాలి. బిళ్ళ మాత్రం మామ మొలతాడుకు ఈనాటికీ వేలాడుతోంది.

ఆయన నాకు చుట్టం కాదు. నేను గౌనిపల్లి పిల్లను. అక్కడి బడిలో చదివినంత చదివి, పెళ్లయి ఈ లైన్ ఇళ్లకు వచ్చాను. లైన్లంటే గని కార్మికుల కోసం వరసగా కట్టిన రేకుల ఇళ్లు. మామ వాళ్ల ఇల్లు మా ఇంటికి ఎదురు. వాళ్ల తాతల కాలంలో చిత్తూరు వైపు పల్లెల నుంచి గని పనికి వచ్చినవాళ్లు. కొత్త కోడలిగా వచ్చిన నాకు నీళ్ల కొళాయి ఎక్కడుందో చూపించింది ఆయనే. అప్పటి నుంచి మామా అనే పిలుస్తున్నాను.

గని మూసేశాక ఆయన చాలా ఏళ్లు మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోయి కాపలా పని చేశాడు. తర్వాత ఊపిరితిత్తులు మొరాయించాయి. గనిలో పీల్చిన రాతిదుమ్ము అంత తేలిగ్గా వదిలేది కాదు. నాలుగిళ్లు నడిస్తే ఆగాలి, ఆగి చేత్తో గోడ పట్టుకోవాలి. అయినా తెల్లారేసరికి కొళాయి దగ్గర గట్టు మీద కూర్చుంటాడు. రైలుకు పోయే ఆడవాళ్లు తమ బిందెలు వరసలో పెట్టి, "మామా, చూసుకో" అని పరుగెత్తుతారు. నీళ్లు వచ్చినప్పుడు ఎవరి వంతు వస్తే వాళ్ల బిందె నింపి పక్కన పెడతాడు. ఒకరి బిందె ఇంకొకరి ముందుకు జరగనివ్వడు. ఎంత పెద్ద గొంతుతో కొట్లాడినా సరే, జరగనివ్వడు. ఆ బిందెలు నింపే మనిషి ఉండబట్టే మా లైనులో సాయంత్రం వంటలవుతున్నాయని నేను దేవుడి ముందు చాలాసార్లు అనుకున్నాను.

మా లైను చివర రామమందిరం ఉంది. శనివారం శనివారం భజన. మామకు పాడే ఊపిరి లేదు కాబట్టి కంజిర వాయిస్తాడు. ఏటా కార్తీకంలో మా భజన వాళ్లం ఒక చోటికి పోయి, దేవుణ్ణి తలచుకొని, చెట్ల కింద తిని వస్తాం. ఈసారి నేరేళ్ల చెరువుకు పోదామని నేత్రావతి చెప్పింది. అడవి, దాని నడుమ పెద్ద చెరువు, చుట్టూ చిత్తడి నేల. అటవీశాఖ వాళ్లు దాన్ని పక్షులకూ జంతువులకూ విడిచిపెట్టి, జనం చూసి రావడానికి ఒక దారి వేశారు.

నేత్రావతి మా భజనకు పెద్ద దిక్కు. ఎవరికి చక్కెర జబ్బు, ఎవరికి మోకాలి నొప్పి అన్నీ ఆమెకు తెలుసు. ముసలివాళ్లకు ఏ చిన్న కష్టమూ రానివ్వదు.

మామ కూడా వస్తానన్నాడు. ఆయన భార్య తాయమ్మ అత్త వీధిలోకి వచ్చి నిలబడింది.

"డాక్టరు ఏం చెప్పినాడు? మెట్లు ఎక్కద్దు, చలిగాలిలో తిరగద్దు అని చెప్పినాడా లేదా? ఇంగ ఈయన అడివికి పోతాడంట!"

"మెట్లు ఎక్కద్దన్నాడు. అడివిలో మెట్లు యాడుండాయే?"

"నీతో మాట్లాడేదానికన్నా ఆ కంజిరతో చెప్పుకుంటే మేలు."

"చెప్పుకో. అది నా మాటే వింటాది."

నేత్రావతి మధ్యలోకి వచ్చింది. "రానీ అత్తా. మామా, నీ కోసరం ప్లాస్టిక్ కుర్చీ టెంపోలో ఏసినాను. గేటు కాడ హాయిగా కూర్చో. మేం చూసేసి వచ్చి నీకు చెప్తాం."

"కుర్చీలో కూర్చొని చూసేదానికి మా ఇంట్లో గోడ లేదా?" అని మామ ముందు సీటులో ఎక్కి కూర్చున్నాడు. ఇక ఆయన్ని దించేవాళ్లు ఎవరు?

రెండు టెంపోల్లో బయలుదేరాం. నా పక్కన అక్కయమ్మ పెద్దమ్మ కూర్చుంది. ఆమెకు చెవులు సరిగ్గా వినిపించవు. ఎవరినీ ఏదీ అడగని మనిషి. ప్రసాదం పంచేటప్పుడు ఆమె చేతిలో పెట్టామా లేదా అని మనమే గుర్తుపెట్టుకోవాలి, తనంతట తాను చెయ్యి చాపదు.

ఆమె భర్త బచ్చప్ప, మామతో కలిసి గనిలో పని చేసినవాడు. వాళ్లిద్దరి కథ మా లైనులో అందరికీ తెలుసు. ఒకనాడు షిఫ్టు ముగిసే వేళ బచ్చప్ప బిళ్ళ, విప్పి పెట్టిన చొక్కా జేబులో, మనుషుల్ని దించి ఎక్కించే బోను దగ్గర ఉండిపోయింది. తోటివాడు ఒకడు పాపం, మంచి మనసుతోనే, ఆ బిళ్ళను కూడా తీసుకుపోయి మేకుకు తగిలించేశాడు. పలక నిండింది. అందరూ ఇళ్లకు పోయారు. బచ్చప్ప మాత్రం లోపల, రాళ్లు కూలిన ఒక మూలలో, తుంటి విరిగి పడి ఉన్నాడు. తర్వాతి షిఫ్టులో దిగిన మామకు, పైకి గాలి పోయే ఇనుప గొట్టంలో టక్ టక్‌మని చప్పుడు వినిపించింది. మామ రాయి తీసుకొని తిరిగి కొట్టాడు. మళ్లీ జవాబు వచ్చింది. ఆ చప్పుడు వెంట పోయి బచ్చప్పను బయటికి తెచ్చారు. ఆయన కుంటుతూనే చాలా కాలం బతికి, మంచం మీద, భార్య చేతి నీళ్లు తాగి పోయాడు. ఆ రోజు నుంచి మామ తన బిళ్ళను వేరేవాళ్ల చేతికి ఇచ్చి ఎరుగడు.

గేటు దగ్గర మోహన్ అనే కాపలా కుర్రాడు ఉన్నాడు. ముళబాగిలు వైపు పల్లెటూరివాడు, మంచి నవ్వు. మాకు ఒక్కొక్కరికి నంబరు వేసిన ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ ఇచ్చాడు.

"దీన్ని పోగొట్టుకోవద్దండి. వచ్చేటప్పుడు తిరిగి ఇచ్చి పోవల్ల. ఇది ఏనుగులు దిగే చోటు. లోపల ఎవురుండారో మాకు తెలియల్ల గదా."

అతని వెనక గోడకు ఒక పలక. పలక నిండా మేకులు.

మామ ఆ పలక ముందు చాలాసేపు నిలబడిపోయాడు. తర్వాత బిళ్ళను జేబులో వేసుకొని, జేబు పైనుంచి ఒకసారి తట్టి చూసుకున్నాడు.

లోపల ముందు వెదురు పొదలు, ఆ తర్వాత మోదుగలు, నేరేడు చెట్లు. అవి దాటగానే చెరువు. నీళ్ల మీదుగా ఇనుప కమ్మీల చెక్క వంతెన. దాని చివర పక్షులను చూసే బురుజు. బురుజు అవతలి గట్టు నుంచి ఇంకొక దారి మళ్లీ గేటుకే చేరుతుంది.

వంతెన మొదట్లో మా ఆడవాళ్లందరం ఆగిపోయాం. నీళ్లంటే గంగమ్మ. చెప్పులతో ఆమె మీద ఎలా నడుస్తాం? అందరం చెప్పులు విప్పి సంచుల్లో వేసుకున్నాం. అక్కయమ్మ పెద్దమ్మ మాత్రం తన జతను ఒక చెట్టు మొదట్లో పక్కపక్కన పెట్టేసింది.

"సంచిలో ఏసుకో పెద్దమ్మా!" అని నేను ఆమె చెవిలో గట్టిగా అన్నాను.

"సంచిలో మోస్తే మాత్రం ఆయమ్మ నెత్తిమీద చెప్పులు పెట్టినట్టు కాదా? ఈడనే ఉండనీలే. తిరిగి వచ్చేటప్పుడు ఏసుకుంటాను."

తిరిగి ఈ దారిన రామని ఆమెకు తెలియదు. నాకూ అప్పుడు తోచలేదు.

మామ చేతికర్రతో ఒక్కొక్క పలకనూ తట్టి, చప్పుడు విని, అడుగు వేశాడు. గనిలో పైకప్పును గునపంతో తట్టి, రాయి గట్టిదో వదులుదో చూసుకొని కింద నిలబడే అలవాటు అది. బురుజు దగ్గరికి వచ్చేసరికి తాయమ్మ అత్త నడుముకు చేతులు పెట్టుకుంది.

"అడివిలో మెట్లు యాడుండాయి అన్నావే? ఇదో ఉండాయి. చూసినావు గదా, దిగు."

"ఎక్కకుండానే దిగేది ఎట్ల?" అంటూ మామ ఎక్కడం మొదలుపెట్టాడు. మెట్టుకొకసారి ఆగాడు. పైకి చేరి చెక్కబల్ల మీద కూర్చొని ఊపిరి తీసుకున్నాడు. కింద నీళ్లలో పసుపు ముక్కు కొంగలు బురద కలుపుతూ నడుస్తున్నాయి. నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నాయి.

"తాయీ," అన్నాడు చివరికి, "ఈ గాలిలో ఎవురూ ఇంకా దుమ్ము కలపలేదే."

అత్త తన శాలువ తీసి ఆయన మెడకు చుట్టింది.

అవతలి దారిన గేటుకు వచ్చేశాం. గేటు కిటికీ దగ్గర వేరే ఊరివాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. నేత్రావతి మా ముసలివాళ్ల కాళ్లు చూసి, "మీరు వరసలో ఏల నిలబడతారు? పోయి అన్నం కాడ కూర్చోండి. బిళ్ళలన్నీ నేనిచ్చేసి వస్తాను," అని కొంగు పట్టింది. అందరం ఆమె కొంగులో బిళ్ళలు వేశాం. అక్కయమ్మ పెద్దమ్మ కూడా వేసింది.

"నాది నేనే ఇస్తాను," అన్నాడు మామ.

"మామా, అంతసేపు నిలబడతావా?"

"నిలబడతాను. ఎవురి బిళ్ళ వాళ్లే ఇయ్యల్ల."

వరస తరగకముందే ఊపిరాడక, తిన్నాక ఇస్తానని బిళ్ళ జేబులోనే ఉంచుకొని వచ్చాడు. గేటు బయట చెట్ల కింద చిత్రాన్నం పంచాం. నేనే వడ్డించాను. అక్కయమ్మ పెద్దమ్మ ఆకులో వడ్డించేటప్పుడు ఆమె పాదాలకు ఎర్రమట్టి అంటి ఉండటం చూశాను. చూసి, ఇంకో ఆకు దగ్గరికి జరిగిపోయాను.

తిన్నాక మొదటి టెంపో వెళ్లిపోయింది. అప్పుడే మోహన్ పరుగున వచ్చాడు. ఆంధ్రా వైపు అడవి నుంచి ఏనుగులు దిగుతున్నాయట, వాకీటాకీలో కబురు వచ్చిందట. "మీరు తొందరగా బయలుదేరండి. నేను గేటు వేసెయ్యల్ల. తాతా, నీ బిళ్ళ ఒక్కటే మిగిలింది, ఇయ్యి."

మామ బిళ్ళ తీశాడు. ఇవ్వబోయి, ఆగి, మా టెంపో వైపు చూశాడు.

"అక్కయమ్మ యాడ?"

"ముందు టెంపోలో పోయింటాది," అన్నారు ఎవరో.

"పోయింటాదా? ఎక్కేటప్పుడు ఎవురు చూసినారు?"

ఎవరూ చూడలేదు. ఫోన్ చేద్దామంటే అడవిలో సిగ్నల్ అందలేదు. డ్రైవరు స్టీరింగ్ మీద వేళ్లతో కొట్టుకుంటూ, "ఏమప్పా పెద్దాయనా, పలక చూడు. అన్ని బిళ్ళలూ వచ్చేసినాయి. లోపల ఎవురూ లేరని ఆ పలకే చెప్తా ఉండాది గదా!" అన్నాడు.

"ఆమె బిళ్ళ ఆమె చేత్తో ఇచ్చిందా?"

నేత్రావతి మొహం పాలిపోయింది. "లేదు మామా. నేనే ఇచ్చినాను. అందరివీ కలిపి."

"అట్లయితే ఆ పలక చెప్పేది నేను నమ్మను," అని మామ పోయి టెంపో ముందు, దారికి అడ్డంగా, మట్టిలో కూర్చున్నాడు.

వద్దని అందరూ అన్నారు. చీకటి పడుతుందన్నారు. ముందు టెంపోలోనే ఉంటుంది, ముసలాయనకు పాత సంగతులు నెత్తికెక్కాయి అని గొణిగినవాళ్లూ ఉన్నారు. లేపడానికి డ్రైవరు చెయ్యి పట్టుకుంటే మామ కర్ర ఎత్తి చూపించాడు. అప్పుడు నాకు ఆ మట్టి పాదాలు గుర్తొచ్చాయి.

"మామా, ఆమె కాళ్లకు చెప్పుల్లేవు," అన్నాను. "చెప్పుల కోసరం తిరిగి పోయినట్టుండాది. మనల్ని కష్టపెట్టకూడదని చెప్పకుండా పోయింటాది. గేటు కాడి గుంపులో ఎవురూ చూసుండరు."

మామ లేచాడు. "పద."

మోహన్ చేతులు అడ్డం పెట్టాడు. "తాతా, తప్పుగా అనుకోవద్దు. ఏనుగులు దిగినాక జనాన్ని లోపలికి వదలకూడదు. నేనొక్కణ్ణే పోయి చూసొస్తాను."

"నీ పలకలో నా మేకు చూడప్పా."

"ఖాళీగా ఉండాది."

"ఖాళీగా ఉండాదంటే నేను యాడ ఉన్నట్టు?"

మోహన్ మళ్లీ పలక వైపు తిరిగాడు.

"లెక్కకు నేనింకా లోపలే ఉండాను. లోపల ఉండేవాణ్ణి లోపలికి పోవద్దని ఎట్ల చెప్తావు? నా బిళ్ళ నేనియ్యను. గేటు ఎట్ల ఏస్తావో ఏసుకో."

"ఏనుగు వస్తే నువ్వు పరుగెత్తలేవు తాతా!"

"ఏనుగు కన్నా బరువైన కొండను నెత్తిమీద పెట్టుకొని కూలి చేసినోణ్ణి. జరుగు."

మోహన్ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, గేటు తెరిచాడు. తన నీళ్ల సీసా తీసి నా చేతికిచ్చాడు. "తాతకు కావలసి వస్తాది. ఇద్దరూ నా వెనకాలే రండి, మాట్లాడొద్దు."

"నాగరత్నా, నీ బిళ్ళ తీసుకో," అన్నాడు మామ. నేను మేకు మీది నా బిళ్ళ తీసి గుప్పిట్లో పట్టుకున్నాను. తాయమ్మ అత్త ఆపుతుందేమో అనుకున్నాను. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకొని, "మెట్లు మాత్రం ఎక్కద్దు," అంది.

దారి పొడుగునా మామ ఊపిరి రంపం కోసినట్టు వినిపించింది. ఆగాడు, నడిచాడు, ఆగాడు. ఒకచోట నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. నేను మనసులో రామనామం వదల్లేదు.

వంతెన మొదట్లో చెట్టు కింద అక్కయమ్మ పెద్దమ్మ చెప్పులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"చెప్పులు ఈడనే ఉండాయి తాతా," అన్నాడు మోహన్ చిన్నగా. "అంటే ఆమె రాలేదు. టెంపోలోనే పోయినట్టుండాది. తిరిగి పోదాం."

"ఈ దారిన రాలేదు. మనం గేటుకు పోయిన దారిన వచ్చింటే?"

అరుద్దామంటే ఆమెకు వినిపించదు. అవతలి గట్టు దగ్గర వెదురు విరుగుతున్న చప్పుడు, ఏనుగులు అక్కడికి వచ్చేశాయి. మామ కిందికి వంగి గుండ్రటి రాయి ఒకటి ఏరుకున్నాడు. వంతెన ఇనుప కమ్మీ మీద ఆగి ఆగి కొట్టాడు. కొట్టి, అరచెయ్యి కమ్మీ మీద ఆనించి, కదలకుండా నిలబడ్డాడు. తన ఊపిరి చప్పుడు కూడా అడ్డం రాకూడదని నోరు మూసుకున్నాడు. మెడ నరాలు తేలాయి.

ఏమీ రాలేదు.

మళ్లీ కొట్టాడు. మళ్లీ చెయ్యి ఆనించాడు. ఆయన నా చెయ్యి పట్టుకొని తన చేతి పక్కన కమ్మీ మీద పెట్టాడు. చల్లటి ఇనుము. ఆ ఇనుములో, చెవికి అందనంత సన్నగా, ఎవరో తలుపు తట్టినట్టు ఒక కదలిక నా అరచేతికి తగిలింది. ఆగింది. మళ్లీ తగిలింది.

"ఉండాది," అన్నాడు మామ. అని దగ్గుతూ వంతెన మీదే కూర్చుండిపోయాడు. నీళ్ల సీసా ఆయన చేతికిచ్చి, మోహనూ నేనూ బురుజు దాకా పోయాం.

బురుజు మెట్ల కింద, కమ్మీకి ఆనుకొని, అక్కయమ్మ పెద్దమ్మ కూర్చొని ఉంది. గట్టు దారిన వచ్చి వంతెన ఎక్కబోతూ కాలు మడతపడి చీలమండ ఉబ్బింది. చేతిలో తన సంచిలోని పులుసు డబ్బా మూత. దానితోనే కమ్మీ మీద కొడుతోంది. మమ్మల్ని చూసి మూత కింద పెట్టింది.

"మా ఆయన్ను తెచ్చేదానికి ఒక షిఫ్టంత ఆలస్యం చేసినారు," అంది. "నాకు కొంచెం తొందరగానే వచ్చినారులే."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మోహన్ ఆమెను వీపు మీద ఎక్కించుకున్నాడు. అవతలి గట్టున ఏనుగులు నీళ్లలోకి దిగి, మా వైపు చూడకుండా, పిల్లను మధ్యలో పెట్టుకొని తాగుతున్నాయి. మేము మామను కలుపుకొని నిశ్శబ్దంగా వంతెన దాటాం. చెట్టు కింద ఆమె చెప్పులు ఆమె కాళ్లకు నేనే తొడిగాను.

గేటు దగ్గర మా వాళ్లందరూ నిలబడే ఉన్నారు. నేత్రావతి వచ్చి అక్కయమ్మ పెద్దమ్మ కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. మామ ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"నువ్వు చేసింది మంచికేనమ్మా. బచ్చప్ప బిళ్ళ తగిలించినోడు కూడా మంచోడే. అందుకే చెప్పేది, ఇంగ ఎవురిది వాళ్లను ఇయ్యనీ."

ఆ తర్వాత ఆయన ఇంకో పని చేయించాడు. మేకు మీది అక్కయమ్మ పెద్దమ్మ బిళ్ళను తీయించి ఆమె చేతికి ఇచ్చాడు. మోహన్ వీపు మీది నుంచే ఆమె చెయ్యి చాపి దాన్ని మళ్లీ మేకుకు తగిలించింది. నేను నాది తగిలించాను. అందరికన్నా ఆఖరున మామ తన ఆకుపచ్చ బిళ్ళ తగిలించి, పలకను పై నుంచి కింద దాకా చూశాడు.

శాలువ జారి, చొక్కా పైకి లేచి, మొలతాడుకు ఇత్తడి మెరిసింది. మోహన్ కళ్లు దాని మీద పడ్డాయి.

"అది కూడా ఏదో బిళ్ళ మాదిరే ఉండాదే తాతా. అదెవురికి ఇయ్యల్ల?"

మామ చొక్కా కిందికి లాక్కున్నాడు.

"ఇది ఇయ్యను," అన్నాడు. "అడిగేవాళ్లు రానీ, చూస్తాను."

టెంపో ముందు సీటులో ఎక్కడానికి ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.